పిలిస్తే తలెత్తే పేర్లు

అక్కకు కథలకేం కొదవ లేదు. కూర్చుందంటే చాలు, ఏడు రాజ్యాలు లేస్తాయి, రెండు కూలిపోతాయి, నిప్పులు కక్కే జంతువొకటి వాటి మీదుగా ఎగిరిపోతుంది. వచ్చిన చిక్కల్లా పేర్లతోనే. లోకంలో లేని మనుషులకు లోకంలో లేని పేర్లే ఉండాలని ఆమె పంతం. ఆ పంతం కొద్దీ త్ర్యక్షిష్ఠుడు, వ్రష్ట్రాంగి అని పెట్టేది. చదివేవాడి నాలుక మొదటి పేజీలోనే మడతపడేది. "కథ బాగుందమ్మా. పేర్లే, మందుసీసాల మీద రాసేవాటిలా ఉన్నాయి" అంటూ ప్రచురణకర్త మొదటి నవలను తిప్పి పంపేశాడు.

ఆ సాయంత్రం అక్క ముఖం మాడ్చుకుని కూర్చుంటే, చెల్లెలు ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఆ పడవ నడిపే ఆవిడ ఎలా ఉంటుంది?"

"ఒంటికన్ను. మాట తక్కువ. నీళ్ళంటే భయం లేదు, మనుషులంటేనే భయం."

"ఏలిమర అనెయ్."

"మరి ఆ నిప్పుల జంతువు?"

"ముసలిదన్నావుగా? దుమిరి."

దుప్పటి మడత పూర్తయ్యేలోపు సగం పుస్తకానికి పేర్లు వచ్చిపడ్డాయి. అంత తేలిగ్గా వచ్చినవి ఎందుకు పనికొస్తాయని అక్క మూతి విరిచింది. చెల్లెలు వాదించలేదు. "రేపు పిలిచి చూస్తాలే" అంది.

చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర ముందుగదిలో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చేసేది పేర్లు పిలవడమే. బుగ్గలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఒకరు లేచి లోపలికి వెళతారు, తలుపు మూసుకుంటుంది, ఇంకొకరిని పిలుస్తుంది. ఆ వరసలో మధ్యన ఒక దొంగ పేరు కలిపి పిలవడం ఆమె కనిపెట్టిన పరీక్ష. లేని మనిషి ఎలాగూ లేవదు. కానీ పేరులో ప్రాణముంటే కూర్చున్నవాళ్ళంతా పంటినొప్పి మరిచి తలెత్తుతారు, ఎవరా మనిషి అని గుమ్మం వైపు చూస్తారు. ప్రాణం లేకపోతే ఎవరి బుగ్గ వాళ్ళదే.

ఏలిమరకు గదంతా తలెత్తింది. దుమిరి అన్నప్పుడైతే ఒక పెద్దాయన బల్ల మీద పక్కకు జరిగి చోటు కూడా ఇచ్చాడట.

పుస్తకం అచ్చయింది, రెండోదీ వచ్చింది, రెండూ వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. ఎవరో పిల్లికి దుమిరి అని పెట్టుకున్నారు. ఎవరో పుట్టిన పాపకి ఏలిమర అని పెట్టి, ఫొటో కూడా పంపారు. అక్క ఆ ఫొటో చూసి మురిసిపోవాల్సింది. మురిసిపోలేదు సరికదా, ఆ పసిగుడ్డు మీద కూడా కోపం తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి వేళ్ళు నొప్పెట్టేలా రాసిన యుద్ధాల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయరు. అందరికీ పేర్లే కావాలి!

పాఠకుల సభలో ఒకమ్మాయి లేచి అడగనే అడిగింది. "మేడమ్, అంత మంచి పేర్లు మీకెలా తడతాయి?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అక్క చెయ్యి దానంతటదే చీర కొంగు సర్దుకుంది. చెల్లెలు మూడో వరసలోనే కూర్చుని ఉంది. "ఏమో, నిద్రలో వస్తాయి" అంది అక్క. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా చెల్లెలే కొట్టింది. ఇంటికి వచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు, నిష్ఠూరమాడలేదు. పోట్లాడి ఉంటే అక్కకు కాస్త హాయిగా ఉండేది. ఆ నవ్వు ముఖాన్ని చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

మూడోది ఆఖరి పుస్తకం. అందులో ఒక్క పేరు కూడా చెల్లెలిది కొత్తగా చేరకూడదని అక్క ఒట్టు పెట్టుకుంది. కథంతా ఏలిమర కూతురిదే. ఆ పిల్ల పేరు అక్క సొంతంగా పెట్టాలి, అది జనం నోళ్ళలో నానాలి. అంతకంటే తక్కువకు ఆమె మనసు ఒప్పుకోవడం లేదు. స్నానం చేస్తూ, బస్సులో ఊగుతూ వెతికి వెతికి చివరికి ఒకటి పట్టుకుంది. హ్రైమాంశిక. అద్దం ముందు నిలబడి పలికితే తనకే ఒళ్ళు పులకరించింది.

ఇక పరీక్షే మిగిలింది. చెల్లెలు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని అక్క ఆ ముందుగదికి వెళ్ళింది. నర్సు తెలిసినమ్మాయే కనుక, "మా చెల్లి వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటా" అంటే సరేనంది. అక్క గొంతు సవరించుకుని పిలిచింది.

"హ్రైమాంశిక గారూ!"

ఒక్క తల లేవలేదు. వినపడలేదేమోనని లేచి నిలబడి మళ్ళీ పిలిచింది. ఈసారి మూలనున్న ముసలావిడ బుగ్గ మీది చెయ్యి తీసి, "పుక్కిలించే మందా అమ్మా? నాకిందాకే ఇచ్చారు" అంది.

సరిగ్గా అప్పుడే చెల్లెలు లోపలికి వచ్చింది. గుమ్మంలోనే అంతా అర్థమైనట్టుంది. కుర్చీ పక్కకు వచ్చి నెమ్మదిగా, "బాగుందక్కా పేరు. ఇవాళ జనానికి నొప్పులెక్కువ, అందుకే" అంది.

ఆ జాలి కారం రాసినట్టు మండింది. ఇంటికి పోయి అక్క కాగితాల మీద పడింది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అన్నారా! మొదటి అధ్యాయంలోనే ఏలిమరను పడవతో సహా ముంచేసింది. దుమిరికి జలుబు చేయించి చంపేసింది. నిప్పులు కక్కే జంతువు జలుబుతో చావడమేమిటని చేతిలోని కలమే సిగ్గుపడింది కానీ ఆమె ఆగలేదు. చెల్లెలు పేరు పెట్టిన ఒక్క ప్రాణినీ మిగల్చలేదు. ఆ తర్వాత హ్రైమాంశికను ఒంటరిగా అడవుల్లోకి తోలి, తన కసినంతా ఆ పిల్ల కాళ్ళకిచ్చి నడిపించింది. నిజం చెప్పాలంటే ఆ నడక చాలా బాగా వచ్చింది.

రాతప్రతిని ముందుగా చదివేది ఎప్పుడూ చెల్లెలే. ఇచ్చింది. సెలవునాడు పొద్దున మొదలుపెట్టి చెల్లెలు కుర్చీలోంచి లేవలేదు. అక్క వంటింట్లో ఊరికే గిన్నెలు చప్పుడు చేస్తూ కనిపెట్టుకుని ఉంది. మధ్యాహ్నానికి చెల్లెలు వచ్చి తలుపుకు ఆనుకుంది. ముక్కు ఎర్రగా ఉంది.

"దుమిరిని చంపేశావా?"

"కథ అడిగింది."

"కథ అడగలేదు. నువ్వు నా మీద కోపంతో చంపావు."

అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "అవునే, కోపమే! నేను చచ్చీ చెడీ రాస్తే, నువ్వు దుప్పట్లు మడతపెడుతూ విసిరిన పేర్లే అందరికీ ముద్దు. నీకేం, నీకు ఏడుపేమిటో కూడా తెలీదు. ఆ రోజు సభలో చప్పట్లు కొట్టావు చూడు..."

"కొట్టాను. చేతులు మండిపోయేలా కొట్టాను. ఎందుకో తెలుసా? కొట్టకపోతే లేచి నిన్ను జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చేదాన్నేమో."

అక్క గరిటెతోనే చెల్లెలి వైపు తిరిగింది.

"నాకు పేర్లే వస్తాయక్కా, అంతకుమించి ఒక్క ముక్క రాదు. ప్రయత్నించలేదనుకున్నావా? పిలుస్తాను, లేస్తారు, లోపలికి వెళతారు. తలుపు మూసుకుంటుంది. లోపల వాళ్ళకేం జరుగుతుందో నాకు తెలీదు. బతుకంతా నాది ఆ ముందుగదే. నీకు మాత్రం తలుపు లోపల అంతా కనిపిస్తుంది. ఎంత ఓర్చుకుంటున్నానో నాకే తెలుసు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పిల్ల నడక చదివి ఏడ్చాను. నీ మీద అసూయతోనే ఏడ్చాను. పేరొచ్చిన ప్రతిచోటా కన్ను జారిపోతోంది. అయినా ఏడ్చాను."

తన చెల్లెలు తనను చూసి ఏడుస్తుందని విన్నందుకు అక్కకు, సిగ్గులేకుండా చెప్పాలంటే, ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. గరిటె కింద పెట్టి, ఇన్నాళ్ళూ గొంతుకడ్డం పడిన మాట అడిగేసింది.

"దానికి పేరు చెప్పవే."

చెల్లెలు వెంటనే చెప్పలేదు. మొదటిసారి ఆలోచించింది. "దుమిరిని బతికిస్తేనే."

"బతికిస్తా. జలుబు తగ్గిస్తా."

"నెవిలి."

పుస్తకం వచ్చింది. సభలో మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి ఒక పెద్దాయన నోట. నెవిలి అనే పేరు ఎలా తట్టింది? అక్క మైకు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ నిద్ర మీదికి నెట్టెయ్యవచ్చు, ఎవరూ కాదనరు. మూడో వరసలో చెల్లెలు అప్పుడే చేతులు దగ్గరికి తెచ్చుకుని చప్పట్లకు సిద్ధంగా ఉంది.

అక్క గొంతు సవరించుకుంది. పళ్ళ డాక్టరు ముందుగదిలో పిలిచినట్టే, సాగదీసి, స్పష్టంగా చెల్లెలి పేరు పిలిచింది.

గదిలో ప్రతి తలా లేచింది. ఎవరా మనిషి అని జనం అటూ ఇటూ చూశారు. రోజూ ఊరందరినీ పిలిచే ఆ మనిషికి, తన పేరు పిలిస్తే లేవాలని కూడా తోచలేదు. పక్కనున్నవాళ్ళు భుజం తడితే అప్పుడు లేచింది. "ఈ మూడు పుస్తకాల్లో పేర్లన్నీ మా చెల్లెలివి. నిద్రలో రాలేదు. అబద్ధం చెప్పాను" అంది అక్క.

చప్పట్లు మొదలయ్యాయి. ఆగలేదు. అక్కకు పడినవాటికంటే ఎక్కువసేపు మోగాయి. ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది, చెవులు అక్కడే పెట్టుకుని వింది మరి. కడుపులో పాత మంట మళ్ళీ రాజుకుంది. మైకు పక్కన పెట్టి, అక్క కూడా చేతులు మండిపోయేలా చప్పట్లు కొట్టింది.