మా ఆయన మూతి, ఊరందరి మూతి

పిల్లలకు తినిపించేటప్పుడు నాకు నోరు తెరిచే అలవాటు ఉండేది. చెంచా వాళ్ళ పెదాల దాకా వెళ్ళేసరికి నా నోరు గుహలా తెరుచుకునేది. అది చూసి మా ఆయన ఒకటే నవ్వు.

"ఏమే, తినేది పిల్లా, నువ్వా? గిన్నె ఖాళీ అవుతోంది గానీ ఎవరి కడుపులోకి పోతోందో తెలీడం లేదు."

నన్ను చూసి నవ్వారు గానీ, ఆయన బతుకంతా ఆ విద్య మీదే నడిచింది. క్షవరం షాపు ఆయనది. ఒకటే కుర్చీ, ఎదురుగా అద్దం, పక్కన బల్ల. మా ఇల్లు షాపు వెనకే. గడ్డం గీసేటప్పుడు బుగ్గ ఉబ్బించమని గానీ, పెదవి లాగమని గానీ ఆయన ఏనాడూ నోటితో చెప్పలేదు. నురగ పూసి, కుర్చీలో మనిషి మీదికి వంగి, ముందు తన బుగ్గ ఉబ్బించేవారు. అంతే, వాడి బుగ్గ దానంతటదే బూరలా పొంగేది. తను పై పెదవి పళ్ళ మీదికి లాగితే వాడూ లాగేవాడు. చేస్తున్నట్టు వాడికీ తెలియదు, చేయిస్తున్నట్టు ఈయనకూ తెలియదు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే నోట్లో నీళ్ళు నిలవలేదు. చూద్దును కదా, మూతి కుడిపక్కకి లాక్కుపోయింది. ఎడమ బుగ్గ తడిబట్టలా వేలాడుతోంది.

"ప్రాణానికేం భయం లేదమ్మా, నరం వాచింది. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది, కొందరికి కొంచెం ఉండిపోతుంది" అన్నాడు డాక్టరు.

చేతులు బాగానే ఉన్నాయి కదా అని ఈయన షాపు తెరిచారు. ముందుగా కుర్చీ ఎక్కింది పక్క షాపు దర్జీ. చుట్టరికం లేకపోయినా ఈయన్ని బావా అంటాడు, నన్ను అక్కా అంటాడు.

"మూతి వంకరైతే ఏం బావా, కత్తి వంకర కాలేదుగా. కానీయ్!"

కాసేపటికి వాడి పై పెదవి మీద గాటు. ఆ తర్వాత కూర్చున్న బస్సు డ్రైవరుకి గడ్డం కింద గాటు. ఎన్నడూ రక్తం చూడని కుర్చీ అది. పటిక ముక్క అరిగిపోయింది, దాంతోపాటు పేరూ అరిగింది. "పాపం, చెయ్యి కూడా పోయినట్టుంది" అని వీధి కోడై కూసింది. బల్ల మీద కూర్చునేవాళ్ళు లేరు.

ఈయన కత్తిని గుడ్డలో చుట్టి ఇంట్లో అలమరలో పెట్టేశారు.

"షాపు ఎవరికైనా ఇచ్చేసి హాయిగా కూర్చో నాన్నా" అంది మా అమ్మాయి.

హాయి ఎక్కడిది? ఆ షాపులో నోరు మూయని మనిషి ఇంట్లో నోరు తెరవలేదు. గోడవైపు తిరిగి కూర్చునేవారు. ఒకరోజు అలమరలోంచి కత్తి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"చెయ్యి పోయిందని ఎవరన్నారు? పొద్దున నాకు సూదిలో దారం ఎక్కించింది ఎవరు? లేవండి, నా కళ్ళముందు ఒక్క గడ్డం గీయండి!"

దర్జీని కేకేశాను.

"నా మూతి నీకేం అపకారం చేసిందక్కా?" అని ఏడుస్తూనే కుర్చీ ఎక్కాడు.

నేను బల్ల మీద కూర్చుని కళ్ళు ఆర్పకుండా చూశాను. ఈయన వంగి బుగ్గలు ఉబ్బించబోయారు. కుడిది లేచింది, ఎడమది లేవలేదు, మూతి మెలి తిరిగింది. దర్జీ మూతి కూడా అచ్చం అలాగే మెలి తిరిగింది! కత్తి కింద వాడి చర్మం ముడతలు పడింది.

"ఆగండి! మీ చెయ్యి బంగారమే. మీ మూతి చూసి వీడి మూతి వంకర పోతోంది!"

"నేనా? నేనేం చెయ్యలేదక్కా, ఒట్టు!" అన్నాడు వాడు, ఆ వంకర మూతితోనే.

సరిగ్గా పెట్టమని ఈయన నోటితో చెప్పి చూశారు. పెడతాడు, ఈయన మొహం చూడగానే మళ్ళీ వంకర పోతుంది. ఇక లాభం లేదని కొంగు బిగించి అద్దం పక్కన నేను నిలబడ్డాను. "ఆయన్ని కాదురా, నన్ను చూడు" అని రెండు బుగ్గలూ ఉబ్బించాను. వాడివీ ఉబ్బాయి. కత్తి వెన్న మీద నడిచినట్టు నడిచింది.

ఆ రోజునుంచి నాకూ షాపులో కొలువు దొరికింది. గీసేది ఆయన, మూతులు పెట్టేది నేను. "అమ్మా, నవ్వించకు, గొంతు మీద కత్తుంది" అని డ్రైవరు బతిమాలేవాడు. గడ్డం మొలవకపోయినా నా మూతులు చూద్దామని వచ్చి కూర్చునేవాళ్ళూ తయారయ్యారు. ఈయన మాత్రం వచ్చినవాళ్ళ తల మీదుగా నన్నే చూస్తూ గీసేవారు.

ఇలా సాగుతుండగా, ఒకరోజు దర్జీ మొహం నిండా నురగ ఉండగా, పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. లోపలికి పరుగెత్తాను. పాలు దించి తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాను.

దర్జీ బుగ్గలు రెండూ చక్కగా ఉబ్బి ఉన్నాయి. నేను లేను కదా, వీడు ఎవర్ని చూసి ఉబ్బించాడు? ఈయన మొహంలోకి చూశాను. ఆ ఎడమ బుగ్గ, పాత సైకిల్ ట్యూబులో కాస్త గాలి కొట్టినట్టు, కొంచెం, కొంచెమే లేచి ఉంది.

ఈయన కత్తి తీసి నావైపు తిరిగారు.

"ఏమే, పాలు పొంగిపోయాయా? ఆ మూతేంటి?"

నాకు తెలియకుండా నా బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. వేలితో ఆయన బుగ్గ చూపించాను. ఆయన తడుముకున్నారు, అద్దంలోకి తిరిగారు, ఈసారి కావాలని మెల్లగా గాలి నింపారు. లేచింది. మళ్ళీ నింపారు. మళ్ళీ లేచింది. ఆయన కళ్ళలో నీళ్ళు, నా కళ్ళలో నీళ్ళు, ఎవరూ గాలి వదలరు.

మధ్యలో కుర్చీలోంచి దర్జీ గోల.

"బావా! అక్కా! ఎవరో ఒకరు బుగ్గలు దించండి, నాకు ఊపిరాడట్లేదు!"