ఏ పట్టా ఎలా మోగుతుంది

పళ్ళ డాక్టరమ్మకి ఒక అలవాటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా అది ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో చూడనిదే కింద పెట్టదు. పదిహేడేళ్ళుగా ఎత్తుపళ్ళకి తీగలు వంచి బిగిస్తున్న చెయ్యి మరి. ఇంట్లో చెంచాలన్నీ ఆమె చలవ వల్లే వంకరపోయాయని భర్త వేళాకోళం చేస్తుంటాడు.

ఆమె క్లినిక్ చిన్నది. ముందు గదిలో రెండు బెంచీలు, ఒక కౌంటరు. ఆ గదికీ వైద్యం చేసే గదికీ మధ్య పలచటి గోడ ఒక్కటే. లోపల పన్ను తొలిచే మిషను జుయ్యిమనగానే బయట పిల్లల ముఖాలు పాలిపోయేవి. ఒకరు రాగం అందుకుంటే చాలు, మిగతావాళ్ళు తలా ఒక గొంతు కలిపేవాళ్ళు. కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడని అందరూ అక్క అనే పిలుస్తారు. డాక్టరమ్మ కంటే పదేళ్ళు పెద్దది, బొమ్మలు ఆడించీ బుజ్జగించీ సాయంత్రానికి తానే ఏడుపు ముఖం పెట్టేది.

ఏడ్చేవాళ్ళు ఒక ఎత్తు, తాళంకప్ప ఒక ఎత్తు. ఆ పేరు అక్క పెట్టిందే. ఆరేళ్ళ పిల్ల. రెండు దవడ పళ్ళు పుచ్చిపోయాయి. తల్లి మూడుసార్లు తీసుకొచ్చింది. మూడుసార్లూ పిల్ల తనంతట తానే నడిచొచ్చి, కుర్చీ ఎక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించింది. ఏడవదు, తన్నదు. నోరు మాత్రం ససేమిరా తెరవదు.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఇంట్లో ఆ నోరు మూతపడితే కదండీ!" అంది తల్లి. "రైలు మాట ఎత్తారంటే ఇక అయిపోయారే. ఎన్ని చక్రాలు, ఎన్ని పెట్టెలు, ఎందుకు ఆగింది, ఎందుకు కూసింది... నా ప్రాణం తీస్తుంది."

పిల్ల పెదాలు బిగించుకునే, అవునన్నట్టు తలూపింది.

ఆ మాట డాక్టరమ్మ మనసులో పడింది. ముందు గదిలో రైలు తిరుగుతుంటే పిల్లలు దాన్నే చూస్తారు కదా, మిషను చప్పుడు ఎవరికి పడుతుంది? వారం తిరిగేసరికి వడ్రంగి వచ్చి, పలచటి గోడకి ఆనించి, రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పున చెక్కబల్ల అమర్చాడు. కదలకుండా నాలుగు ఇనప బ్రాకెట్లతో గోడకే బిగించేశాడు.

బొమ్మల రైళ్ళ దుకాణం రెండు వీధుల అవతల. దాన్ని నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయ్ గారనే పిలుస్తారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది, దానికోసం బల్ల మీదంతా వెతుకుతుంటాడు.

"రైలు సంగతి తర్వాత, ముందు పట్టాలు తేల్చుకో అమ్మా," అన్నాడు. మూడు రకాలు తీసి వరసగా పెట్టాడు. ఒకటి, అడుగున బూడిదరంగు ప్లాస్టిక్ కట్టతో కలిపి వచ్చే ముక్కలు. నొక్కితే టక్కున అతుక్కుంటాయి. రెండోది ఉత్త పట్టాలు, అడ్డదుంగలు. తిన్నవి తిన్నవే, వంపువి వంపువే, ముక్కలుగా వస్తాయి. మూడోది దాదాపు మీటరు పొడుగున్న ఒకే ముక్క. దాన్ని మనకి కావలసినట్టు వంచుకోవాలి, కోసుకోవాలి.

డాక్టరమ్మ చెయ్యి సహజంగానే మూడోదాని మీదికి పోయింది. బాబాయ్ గారు ఆపాడు. "అది ఓపికున్నవాళ్ళ సరుకమ్మా. ఈ మొదటిదయితే ఆదివారం ఒక్కపూటలో పనైపోతుంది. కాకపోతే..." అని ఆ ముక్కని తిరగేసి గోటితో కొట్టాడు. డబడబమంది. "లోపల బోలు."

ఆదివారం ఒక్కపూట అన్న మాట విన్న చెవికి బోలు అన్న మాట వినపడలేదు. పెట్టెడు ముక్కలూ, ఒక ఎర్ర ఇంజనూ, నాలుగు పెట్టెలూ కొనుక్కుని వచ్చేసింది. ఆదివారం పొద్దున తనూ అక్కా కూర్చుని పట్టాలు అతికించారు. ఎవరైనా పిల్లలు లాగేస్తారేమోనని ఇరవై నాలుగు మరలు పెట్టి బల్లకి బిగించారు. రైలు గిర్రున తిరిగింది.

సోమవారం మొదటి రోగి ఒక బస్సు డ్రైవరు. లోపల డాక్టరమ్మ అతని పన్ను తొలుస్తూ, ఒకచోట ఆగుదామని పెడలు మీద నుంచి కాలు తీసింది. చప్పుడు ఆగలేదు. మిషను చేతిలో కదలకుండా ఉంది, జుయ్యిమనే మోత మాత్రం వస్తూనే ఉంది. డ్రైవరు కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచే ఉంచి, "ఆఁ?" అన్నాడు.

అంతలో అక్క తలుపు తోసుకుని వచ్చింది. "డాక్టరమ్మా, బయట పిల్లలు కుర్చీ ఎక్కకముందే ఏడుస్తున్నారు. ఆ రైలు అచ్చం మీ మిషన్‌లాగే అరుస్తోంది!"

నిజమే. బోలు ప్లాస్టిక్ కింద చెక్క, చెక్క వెనక గోడ, అన్నీ కలిసి డప్పులా మోగుతున్నాయి. ఇదివరకు మోత గోడకి ఒక పక్కనే పుట్టేది, ఇప్పుడు రెండు పక్కలా తయారైంది.

ఇంకొకరైతే రైలు కట్టిపెట్టేవాళ్ళు. డాక్టరమ్మకి చిరాకు పడాలన్న సంగతే తోచలేదు. ఈ మోత ఎక్కడ పుడుతోంది? పట్టాలోనా, బల్లలోనా, గోడలోనా? మధ్యాహ్నం రోగులు లేని వేళ చూసి రక్తపోటు కొలిచేటప్పుడు వాడే స్టెతస్కోపు తీసుకొచ్చి బల్లకి ఆనించింది, మరల మీద ఆనించింది, గోడకి ఆనించింది.

"బల్లకి ఒంట్లో బాలేదా?" అంది అక్క, భోజనం డబ్బా మూసి పెడుతూ.

"నవ్వకు అక్కా. ఇదిగో, ఈ మర తీసేస్తాను, నువ్వు గోడ దగ్గర చెవి పెట్టు."

ఒక్కో మర తీస్తుంటే గోడలో మోత ఒక్కో మెట్టు దిగింది. ఇరవై నాలుగూ తీసేసరికి సగానికి సగం పడిపోయింది. పట్టాల కింద తువ్వాలు పరిస్తే ఇంకాస్త తగ్గింది. కానీ ప్లాస్టిక్ కట్టలోని బోలు మోత మాత్రం ఉన్నచోటే ఉంది. తువ్వాలు దాన్నేం చేస్తుంది, మోత దాని కడుపులోనే ఉంటే?

సాయంత్రం పట్టాల పెట్టె చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. బాబాయ్ గారు ఆమెను చూసి, "బోలు అన్నానా లేదా?" అన్నాడు. అన్నాడే గాని పేచీ లేకుండా మార్చిచ్చాడు.

ఈసారి వంచుకునే రకమే. అందులోనూ రెండున్నాయని అప్పుడు తెలిసింది. ఒకటి వంచి వదిలితే మళ్ళీ తిన్నగా అయిపోతుంది. రెండోది వంచినచోటే ఉండిపోతుంది. డాక్టరమ్మ రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"బాబాయ్ గారూ, ఇవి నాకు తెలుసండీ! పళ్ళకి మొదట్లో కట్టే తీగ ఇదిగో, ఈ వెనక్కి వచ్చేది. చివర్లో కట్టేది ఈ చెప్పిన మాట వినేది."

"మరి ఏది తీసుకుంటావు?"

ఆమె మొండిదాన్ని వంచి చూసింది. వంపు తనంతట తానే నున్నగా, చంద్రవంకలా వచ్చింది. మాట వినేదాన్ని వంచితే వంగింది గాని, బొటనవేలు నొక్కినచోట చిన్న సొట్ట ఉండిపోయింది. "మాట వినేది మన తప్పులు కూడా వింటుందండీ," అని మొండి రకమే తీసుకుంది. కింద పరచడానికి మోత మింగే కార్క్ బెండు చుట్ట, మరల బదులు జిగురు కూడా.

తర్వాతి ఆదివారం ఒక్కపూటలో అవలేదు. కార్క్ అతికించడానికే మధ్యాహ్నమైంది. వంచినకొద్దీ లోపలి పట్టా దుంగల్లోంచి జారి బయటికి పొడుచుకొచ్చేది, దాన్ని సరిగ్గా కొయ్యాలి. అంతా అయ్యాక ఎర్ర ఇంజను వంపులో రెండు ముక్కలు కలిసేచోట పడిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఆ మొండి పట్టాలు అతుకు దగ్గర తిన్నగా అవుదామని చూసి మోచెయ్యిలా బయటికి తోసుకొచ్చాయి. తలప్రాణం తోకకొచ్చింది.

బాబాయ్ గారికి ఫోన్ చేసింది. "వంచాక అతికించావా? అయ్యో అమ్మా, తిన్నగా ఉండగానే రెండు ముక్కలూ టంకం పెట్టి ఒకటి చెయ్యాలి. ఆ తర్వాతే వంచాలి," అన్నాడాయన.

టంకం పెట్టడం ఆమెకి రోజూ ఉండే పనే. వెనక గదిలో, కట్టుడు పళ్ళు అరగదీసే చిన్న మిషను పక్కన కూర్చుని, ఊడదీసిన ముక్కలు తిన్నగా పెట్టి కలిపింది. సాయంత్రానికల్లా రైలు వంపు తిరిగింది. గోడకి చెవి పెట్టిన అక్క, "వెళ్తోందా?" అని అడిగింది. "వెళ్తోంది." "ఏమీ వినపడట్లేదు!" ఇద్దరూ ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు.

బుధవారం తాళంకప్ప నాలుగోసారి వచ్చింది. లోపలికి అడుగు పెడుతూనే బల్ల దగ్గరికి పరుగెత్తి, గడ్డం బల్ల అంచుకి ఆనించి చూసింది. రైలు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. పిల్ల ముఖం ముడుచుకుంది.

"ఇది రైలు కాదు," అంది.

క్లినిక్‌లో ఆ పిల్ల మాట్లాడటం అదే మొదటిసారి. అక్క చేతిలో కలం ఆగిపోయింది.

"మరేంటి?" అంది తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరమ్మ.

"బొద్దింక. చప్పుడు చెయ్యకుండా పారిపోతోంది."

తల్లి సిగ్గుపడి పిల్లని గదమబోయింది గాని డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఉండండి, ఉండండి. రైలు చప్పుడు ఎలా ఉంటుందమ్మా?"

"టక్‌టక్... టక్‌టక్. ఆగి, మళ్ళీ టక్‌టక్."

ఆ రోజు కూడా నోరు తెరవలేదు. అది చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అక్క తన అన్నం సంగతి మరిచిపోయి మాట్లాడింది. వాళ్ళ నాన్న రైలు గేటు కాసేవాడట. పట్టాలకి ఇరవై అడుగుల దూరంలో ఇల్లు. "పిల్ల సరిగ్గానే చెప్పిందమ్మా. పట్టా పట్టాకీ మధ్య సందుంటుంది కదా, చక్రం అక్కడ పడి లేస్తే టక్‌మంటుంది. మీరేమో సందు అన్నదే లేకుండా కలిపేసి నున్నగా చేశారు."

"అయితే సందు పెడితే సరి!"

"పెడితే మళ్ళీ మోచెయ్యి వస్తుందిగా?"

డాక్టరమ్మ వెనక గదిలోకి పోయింది. మిగిలిన ముక్క ఒకటి తీసి, అరగదీసే మిషనుకి పలచటి కోత చక్రం తగిలించి, పట్టా పైభాగాన వెంట్రుక మందాన గాటు పెట్టింది. తెగిపోకుండా గాటు మాత్రమే. రైలు పెట్టె ఒకటి దానిమీద తోసింది. టిక్. చక్రం ఆ గాటు మీదుగా దాటింది.

మొదట జానెడు జానెడుకీ గాట్లు పెట్టింది. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. డాక్టరమ్మ పెట్టె తోసింది.

"ఊఁహూఁ. ఇది నత్తిగా మాట్లాడుతోంది."

ఇంకో ముక్క మీద రెండు జానలకొకటి పెట్టింది. "ఇది బద్ధకం రైలు. ఎక్కడో ఒకచోట గుర్తొచ్చినప్పుడు అంటోంది." మూడో ముక్క మీద, సరిగ్గా ఒక పెట్టె పొడవుకి ఒక గాటు. రెండు పెట్టెలు తగిలించి తోసింది. ముందు పెట్టె వెనక చక్రాలూ, వెనక పెట్టె ముందు చక్రాలూ ఒకదాని వెంట ఒకటి గాటు దాటాయి. అక్క కళ్ళు తెరవలేదు. "ఇంకోసారి," అంది. కాసేపాగి మళ్ళీ, "ఇంకోసారి తొయ్యండి," అంది. డాక్టరమ్మ ఐదుసార్లు తోసింది. అక్క లేచి ముఖం కడుక్కుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

శనివారానికి బల్ల మీది పట్టాలన్నిటికీ, మోత గోడకి ఎక్కకుండా గోడవైపు తప్ప, గాట్లు పడ్డాయి.

తాళంకప్ప ఐదోసారి వచ్చినప్పుడు గడ్డం బల్ల మీద పెట్టి చాలాసేపు కదల్లేదు. తర్వాత వేలు చాపి, "ఇక్కడ గీతుంది. ఇక్కడా ఉంది. ఎవరు పెట్టారు?" అంది.

"నేనే."

"కత్తితోనా?"

"చూస్తావా?"

వెనక గదికి తీసుకెళ్ళింది. పిల్లకి పెద్ద కళ్ళజోడు పెట్టింది, అది ముక్కు మీద నిలవక చేత్తో పట్టుకుంది పిల్ల. మిషను జుయ్యిమనగానే పిల్ల భుజాలు పైకి లేచాయి. డాక్టరమ్మ ఆపింది. పిల్ల వద్దనలేదు, ముందుకి వంగింది. మళ్ళీ జుయ్యిమంది. సన్నటి నిప్పురవ్వలు లేచాయి, పట్టా మీద గాటు పడింది. పిల్ల దాన్ని గోటితో తడిమింది.

"పన్ను కూడా ఇలాగే కోస్తావా?"

"ఇది పట్టాలకి. నోట్లోది వేరే, ఇంకా చిన్నది, నీళ్ళు కూడా చిమ్ముతుంది. పన్ను కొయ్యను. పుచ్చు మాత్రం తీసేసి గుంట పూడుస్తాను."

"నొప్పెడుతుందా?"

"ముందు మందిస్తాను. అది చిన్న చీమ కుట్టినట్టుంటుంది. ఆ తర్వాత కూడా నొప్పెడితే చెయ్యెత్తు, ఆపేస్తాను. ఇందాక ఆపానుగా?"

పిల్ల ఆలోచించింది. ఎంతసేపంటే, బయట రైలు రెండు చుట్లు తిరిగింది.

"నీళ్ళు చిమ్మడం ముందు నా చేతిమీద చూపించు," అంది.

చూపించింది. పిల్ల అరచెయ్యి తుడుచుకుని, కుర్చీ ఎక్కి, వేలు పట్టేంత నోరు తెరిచింది. తర్వాత రెండు వేళ్ళు పట్టేంత. మధ్యలో నాలుగుసార్లు చెయ్యెత్తింది. ఒక్కసారి నొప్పికి, మూడుసార్లు ప్రశ్నలకి. ఆ రోజుకి ఒక పన్ను అయింది. రెండోది వచ్చే వారానికి పెట్టుకున్నారు. పిల్లని బల్ల దగ్గర నుంచి కదిలించి ఇంటికి తీసుకెళ్ళడానికి మాత్రం తల్లికి అరగంట పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ గారు వచ్చాడు. పంటి నొప్పేమోననుకుని అక్క పేరు రాసుకోబోయింది. "పన్ను బాగానే ఉందమ్మా. డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పిన ఆ గాట్లు చూసిపోదామని," అన్నాడు. బల్ల మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, రైలు మూడు చుట్లు తిరిగేదాకా ఉన్నాడు. లేచి, నుదుటి మీది కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకుంటూ, "గాటుకీ గాటుకీ ఎంత దూరమన్నావు?" అని అడిగాడు.

డాక్టరమ్మ కొలబద్ద తెచ్చి చూపించింది. ఆయన చీటీ మీద రాసుకున్నాడు.