పెన్సిలు చూపిన ద్వారం

వారంలో ఐదు రోజులు ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ, "ఇలా బావుందా, ఇలా బావుందా" అని అడుగుతుంది. ఆరు నెలల క్రితం దాకా శని, ఆదివారాల్లో వీడియోగేముల పోటీలకు కామెంట్రీ చెప్పేది. రెండు పనులకూ కావలసింది ఒకటేనని ఆమె నమ్మకం. ఎదుటివాడి కంటికి ఆననిది మన కంటికి ఆనాలి, ఆనింది ఓపిగ్గా చెప్పాలి. ఓపిక ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి ఈ ఆరు నెలలుగా కడుపుమంట కూడా తోడయింది.

ఆ మంట పెట్టినవాడు కామెంట్రీ బల్ల దగ్గర రెండేళ్లు ఆమె పక్క కుర్చీలో కూర్చున్నవాడే. స్టూడియోలో అందరూ అతన్ని కంచు అంటారు. గొంతు అలాంటిది. "నమస్కారం" అన్నా సరే, ఏదో పెద్ద సంగతి జరగబోతోందని జనం సర్దుకు కూర్చుంటారు.

ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. జరుగుతున్నది జరుగుతున్నట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పేవారొకరు, ఎందుకలా జరిగిందో విడమరచేవారొకరు. మొదటిది కంచు పని, రెండోది ఆమె పని. ఆట పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఐదుగురు కోట కాస్తారు, ఐదుగురు దాని మీద పడతారు. కోటకు తూర్పున ఒక ద్వారం, పడమర ఒక ద్వారం. దాడి చేసేవాళ్లు ఒక ద్వారం దగ్గర నానా గోల చేసి, రెండోదాన్ని బద్దలు కొట్టాలని చూస్తారు. ఏది ఉత్తుత్తి గోల, ఏది అసలు దాడి అన్నది ముందే పసిగట్టి చెప్పినవాడే కామెంటేటర్. అందుకోసం తెర మూలన చిన్న మ్యాపు ఉంటుంది. అందులో పది చుక్కలు కదులుతుంటాయి. ఆ చుక్కల్ని చదవడం కంచుకు రాదు. రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా రాలేదు.

ఆమెకు వచ్చు. ప్రతి ఆటగాడికీ ఆమె నాలుగు నోటుబుక్కుల్లో ఒక పేజీ ఉంది. ఎవడు అసలు దాడికి ముందు క్షణం పాటు ఆగుతాడో, ఎవడు భయపడితే గోడవారగా నడుస్తాడో, ఎవడు గెలుపు దగ్గర పడితే తొందరపడి చెడగొట్టుకుంటాడో అన్నీ రాసి పెట్టుకుంది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషికి మాటతో అడ్డు రాకూడదు కనుక పెన్సిలుతో చూపించేది. ఇద్దరి మధ్యా బల్ల మీద కోట మ్యాపు కాగితం ఒకటి అంటించి ఉండేది. ఆమె ఎర్ర రబ్బరున్న పెన్సిలు మొనను ఒక ద్వారం మీద ఆనించేది. కంచు ఓరగా చూసి, "పడమర ద్వారం. రాసిపెట్టుకోండి" అనేవాడు. మూడు క్షణాల్లో పడమర ద్వారం బద్దలయ్యేది. చూసే జనం వెర్రెత్తిపోయి అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. కంచు నోట వచ్చింది జరిగి తీరుతుందని పేరు పడిపోయింది.

ఆమె ఏమీ అనుకోలేదు. జోడీ అంటే ఇంతే కదా అనుకుంది. అతన్ని నోరారా "అన్నా" అని పిలిచేది. అమ్మ మాత్రం ఫోనును నీళ్లగ్లాసుకు ఆనించి పెట్టుకుని ప్రతి ఆటా చూసేది. ఏ జట్టు ఏదో తెలియకపోయినా ఒక సంగతి కనిపెట్టింది. "ఆ అబ్బాయి నీ నోట్లో మాట లాక్కుంటున్నాడే" అనేది. అలాంటిదేం లేదమ్మా అని ఈమె నవ్వేసేది.

ఆరు నెలల క్రితం కంపెనీవాళ్లు ఇద్దరిలో ఒకరిని పూర్తికాలం ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. ఆమె దరఖాస్తు రాసుకుంటోంది. కంచు వచ్చి, పాత ఆటల సంగతి చూసుకోవాలి, నోటుబుక్కులు ఒక్క వారం ఇవ్వమన్నాడు. అన్న అడిగితే కాదంటుందా, నాలుగూ సంచిలో పెట్టి ఇచ్చింది. వాటిని తన చేతిరాతలో ఎక్కించుకుని, అసలువి తిరిగి ఇచ్చేసి, ఇదంతా నా కష్టమేనని ప్రొడ్యూసర్ ముందు పెట్టాడు. అక్కడితో ఆగినా కొంత నయం. "ఆవిడకు ఆసక్తి లేదండి, షాపు వదలనంది" అని కూడా చెప్పి వచ్చాడు. ఆమె దరఖాస్తు పంపేలోపే, ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్న షరతు మీద అతన్ని తీసుకుని, కంచు ఫోటో వేసి అభినందనలు ప్రకటించారు.

ఇంత పని ఎందుకు చేశావని అడిగితే అతను తొణకలేదు. "నువ్వు వెనకుంటేనే బాగుంటావు. నీ గొంతు జనంలోకి వెళ్లదు. నీ మంచికే చెప్తున్నా" అన్నాడు. నమ్మించి గొంతు కోసింది చాలక, ఆ గొంతుకే వంక పెట్టాడు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని అన్నా అనలేదు. ఆమెను కామెంట్రీకి పిలవడం కూడా ఆగిపోయింది. శని, ఆదివారాల్లో ఇంట్లోనే కూర్చుని, కంచు కొత్త జోడీతో తడబడుతూ కాలక్షేపం చేస్తుంటే చూసి పళ్లు కొరుక్కునేది.

ఇంతలో ఏడాదికొకసారి జరిగే ఫైనల్ వచ్చింది. ఆ కొత్త జోడీకి గొంతు వాచి మాట పెగల్లేదు. ప్రొడ్యూసర్ ఆమెకు ఫోను చేసి, "ఈ ఒక్క రోజుకు వస్తారా? ఈ ఆట అయ్యాక కంచు ఉద్యోగం ఖాయం చేస్తున్నాం, అన్నీ సవ్యంగా జరగాలి" అన్నాడు. వస్తానంది. ఫోను పెట్టేశాక ఆమె చేసిన ఆలోచన ఒకటే. ఆ ఉద్యోగం ఖాయం కాకూడదు. అయితే ఇక జన్మలో తనను ఆ బల్ల దగ్గరికి రానివ్వరు.

ఉపాయం కూడా దొరికింది. ఆఖరి రౌండులో పెన్సిలు తప్పు ద్వారం మీద పెడితే సరి. అతను రాసిపెట్టుకోండి అంటాడు, జనం రాసిపెట్టుకుంటారు. ఇది మోసం కాదా అని మనసు అడిగితే, కాదు, వాయిదా పడిన న్యాయం అని జవాబు చెప్పుకుని హాయిగా నిద్రపోయింది.

ఫైనల్ రోజు ఆట మధ్యాహ్నం రెండింటికి. ఆమె గంట ముందే వెళ్లింది. అనుమానం రాకూడదని మిషను దగ్గర కాఫీ పట్టి, అతను వేసుకునేలాగే రెండు చెంచాల పంచదార వేసి, మేకప్ గదిలోకి తీసుకెళ్లింది. మానేసిన ఆ పాత పిలుపు కూడా మళ్లీ నోట తెచ్చుకుంది.

"కాఫీ తాగు అన్నా. ఈరోజు దుమ్ము దులుపుదాం."

కంచు కప్పు అందుకున్నాడు. వాసన చూశాడు. ఆమె ముఖం చూశాడు. "తర్వాత తాగుతాలే" అని అద్దం ముందు పెట్టాడు. పది నిమిషాల తర్వాత ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్తే, తెల్లటి సింకులో కాఫీ మరకలు కారి ఉన్నాయి. పక్కన చెత్తబుట్టలో అదే కప్పు.

ఆ కాఫీలో పంచదార తప్ప ఏమీ లేదు. ఆమె ఆ మరకల మీద నీళ్లు వదిలి చాలాసేపు చూసింది. ఆరు నెలల్లో మొదటిసారి కడుపులో చల్లగా అనిపించింది. ఇతను తనకు భయపడుతున్నాడు. తాను చేసే పనే లోకమంతా చేస్తుందనుకునే మనిషి. తాను ద్రోహం చేసినవాళ్లు ఊరుకోరని అతనికి బాగా తెలుసు. మరి ఇలాంటివాడికి అబద్ధం చెప్పడం దేనికి? నిజం చూపిస్తే చాలు, అతనే నమ్మడు.

తిన్నగా స్టూడియోలో కెమెరాలు చూసుకునే ఆవిడ, అందరూ కెమెరా అక్క అని పిలిచే ఆవిడ దగ్గరికి వెళ్లింది. బల్ల ఎదురుగా చిన్న కెమెరా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆట సాగినంతసేపూ తెర కింది మూలన అగ్గిపెట్టెంత చదరంలో కామెంటేటర్లిద్దరూ కనిపిస్తుంటారు.

"అక్కా, కెమెరా కాస్త కిందికి దించుతావా? ముఖాలతో పాటు బల్ల కూడా కనబడాలి."

కెమెరా అక్క మర వదులు చేసి దించింది. "చాలా?"

"ఇంకొంచెం."

"పెన్సిలు కనబడాలా?"

ఆమె ఉలిక్కిపడింది. కెమెరా అక్క మర బిగిస్తూ, "రెండేళ్లు ఇందులోంచి మిమ్మల్నే చూస్తున్నానమ్మా. నాకూ కళ్లున్నాయి" అంది.

ఆట మొదలైంది. ముందుగా ఐదు రౌండ్లు గెలిచిన జట్టుది కప్పు. మొదటి రౌండు నుంచే ఆమె పెన్సిలు తన పని తాను చేసుకుపోయింది. తూర్పంటే తూర్పు, పడమరంటే పడమర. కంచు పెన్సిలు వంక చూడటం, చూపు తిప్పేసుకోవడం, "ఏమైనా జరగొచ్చు, ఊపిరి బిగబట్టండి" అని గొంతుతో నెట్టుకురావడం. ఏమైనా జరగొచ్చని చెప్పడానికి కామెంటేటర్ ఎందుకు? జనం విసుక్కుంటున్న సంగతి అతని చెవిలో ప్రొడ్యూసర్ చెబుతూనే ఉన్నాడు. "రాసిపెట్టుకోండి ఏదీ? మీ మార్కు మాట ఒకటి పడాలి."

ఎనిమిదో రౌండులో ఆమె నిజంగానే పొరబడింది. పడమర మీద పెన్సిలు పెట్టింది. దాడి జట్టు నాయకుడు తన పాత అలవాటు మార్చుకున్నాడు, తూర్పు ద్వారం పగిలింది. ఆమెకు ఒళ్లు మండి, ఆ సంగతి వెంటనే నోటుబుక్కులో రాసుకుంది. కంచు మాత్రం ఆమె వైపు తిరిగి నవ్వాడు. దొరికావులే అన్న నవ్వు. ఆమె కావాలని అబద్ధం ఆడినా ఇంత బాగా కుదిరేది కాదు.

నాలుగు, నాలుగు. ఆఖరి రౌండు. ఈసారి దాడి రెండో జట్టుది. పడమర ద్వారం దగ్గర పొగ, పేలుళ్లు, మూడు చుక్కల హడావిడి. తూర్పు వైపు రెండు చుక్కలు గోడవారగా వెళ్లి ఆగాయి. ఆ జట్టు నాయకుడి చుక్క అక్కడే ఉంది, అసలు దాడికి ముందు ఆగే ఆ ఒక్క క్షణం ఆగింది. ఆమె పెన్సిలును తూర్పు ద్వారం మీద పెట్టింది. రెండుసార్లు కొట్టింది. అదీ చాలదన్నట్టు దగ్గొచ్చినప్పుడు నొక్కే మీట నొక్కి, తన మైకు ఆపి, అతని చెవి దగ్గర చెప్పింది.

"తూర్పు. ఒట్టు, తూర్పే."

కంచు ఆమె కళ్లలోకి చూశాడు. పెదవి విరిచాడు. తర్వాత మైకు ముందుకు వంగి, గొంతులో ఉన్న కంచంతా మోగించాడు.

"పడమర ద్వారం. రాసిపెట్టుకోండి. కోట కాసేవాళ్లు అక్కడ గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఇక వీళ్లను కదిలించేవాడు లేడు. కప్పు కోట కాసేవాళ్లదే, ఈ ఏటి ఛాంపియన్లు వీళ్లే."

తూర్పు ద్వారం బద్దలైంది.

హాలంతా లేచి నిలబడింది. గెలిచినవాళ్లు కుర్చీలు తన్నుకుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కంచు నోరు తెరిచే ఉంది, మాట లేదు. ఇద్దరి చెవుల్లోనూ ప్రొడ్యూసర్ కేకలు పెడుతున్నాడు. "ఎవరో ఒకరు మాట్లాడండి." ఆమె మాట్లాడలేదు. గడియారం చూస్తూ పదకొండు సెకన్లు లెక్కపెట్టింది. వేలమంది వింటున్న ఆ నిశ్శబ్దాన్ని పూర్తిగా అతని పేరున వదిలేసింది. ఆ పదకొండు సెకన్లలో ఆమెకు కలిగిన తృప్తి గురించి సిగ్గుపడాలని తర్వాత చాలాసార్లు ప్రయత్నించింది కానీ కుదరలేదు.

ఆ తర్వాత మీట వదిలి, "తూర్పు ద్వారం పగిలింది. ఎందుకో చెప్తాను" అంది. చెప్పింది. జనంలోకి వెళ్లదన్న ఆ గొంతు హాలు చివరి వరుస దాకా వెళ్లింది.

సాయంత్రానికల్లా ఆ వీడియో తునక ఊరంతా తిరిగింది. అగ్గిపెట్టెంత చదరాన్ని ఎవరో పెద్దది చేసి పెట్టారు. తూర్పు మీద పెన్సిలు, పక్కనే పడమర అంటున్న కంచు. ఆ పైన జనం పాత ఆటలు తవ్వడం మొదలుపెట్టారు. పాత వీడియోల్లో బల్ల కనిపించదు కానీ, చదరం కింది అంచున ఎర్ర రబ్బరు తల కనిపిస్తుంది. అది ఇటు వంగితే కంచు ఇటు చెప్పాడు, అటు వంగితే అటు చెప్పాడు. రెండేళ్ల జోస్యాలన్నిటి ముందూ ఆ ఎర్ర తల ఊగింది. అమ్మ రాత్రంతా అవే చూసి, "నేను అప్పుడే చెప్పలేదూ" అంది.

సోమవారం ప్రొడ్యూసర్ ఫోను చేశాడు. "మీకు ఆసక్తి లేదని చెప్పాడే" అన్నాడు. నన్నెవరూ అడగలేదండి అంది. అసలు నోటుబుక్కులు నాలుగూ తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టింది. తారీఖులతో సహా అన్నీ ఆమె చేతిరాతే. కంచు కుర్చీ ఖాళీ అయింది. వచ్చే నెల నుంచి అందులో ఆమె కూర్చుంటుంది.

ఆమె షాపులో చివరి వారం గడుపుతుండగా కంచు వచ్చాడు. మధ్యాహ్నం, షాపులో పెద్దగా జనం లేరు. తిన్నగా వెళ్లి పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆమె చేసేది ఒకటే కాబట్టి దీపం ఆర్పి, అతని ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టింది.

"చదువు."

పై వరుసలు గబగబా చదివాడు. అడుగు వరుస దగ్గర ఆగి, అలవాటుగా ఆమె చేతి వైపు చూశాడు. పెన్సిలు కోటు జేబులోనే ఉంది.

"చెల్లెమ్మా" అన్నాడు. రెండేళ్లలో ఎప్పుడూ అనని మాట. "నోటుబుక్కుల తప్పు ఒప్పుకున్నాను. ఆ పెన్సిలు సంగతి మాత్రం నీ చేతి అలవాటని, నా మాటకీ దానికీ సంబంధం లేదని ఒక్క ముక్క చెప్పు. వేరేచోట శని, ఆదివారాల కామెంట్రీ అయినా దొరుకుతుంది. నువ్వు చెబితే నమ్ముతారు."

ఆమె ఫ్రేములోంచి అద్దాలు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దింది. తొందరపడలేదు.

"ఈ మాట ఒకసారి నా తరఫున నువ్వే చెప్పావు" అంది. "ఇవాళ నేనే చెప్తున్నా. నాకు ఆసక్తి లేదు."

దీపం వేసి, బయట కూర్చున్న పెద్దాయనను లోపలికి రమ్మంది.