ఒక్క గుక్కలో

"ఆ రొప్పుడేమిటి? ఎవరైనా వింటే నీ చేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నామనుకుంటారు" అంది అత్తగారు, తడిబట్టల బకెట్టుతో నాలుగో అంతస్తు ఎక్కివచ్చిన కొత్తకోడలితో.

చేయిస్తున్నది గొడ్డుచాకిరీయే. అది తప్పు కాదు, వినపడటం తప్పు. ఆ రోజు నుంచి ఆమె మెట్ల మలుపులో ఆగి, ఆయాసాన్ని ముక్కులోనే అణచుకుని, మొహానికి నవ్వు పులుముకుని లోపలికి వెళ్ళడం నేర్చుకుంది. ఎవరు కేకేసినా "వస్తున్నానండీ" అనే మాట ఎక్కడా తెగకుండా అనేది. ఇన్నేళ్ళలో ఆ విద్యలో ఆరితేరిపోయింది.

పరుగు మాత్రం తనకోసం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ లేవకముందే ఖాళీ రోడ్డు మీద నోరు తెరుచుకుని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా, మనసారా రొప్పేది. "ఈ వయసులో ఎవరిని పట్టుకోవడానికి?" అని మొగుడు మొదట్లో వెక్కిరించాడు. పందెంలో గెలిచిన ఆమె ఫొటో పేపర్లో పడేసరికి మాట మార్చాడు. "మా ఆవిడ వంద కిలోమీటర్లు అవలీలగా లాగేస్తుంది" అని ఆఫీసులో చెప్పుకోసాగాడు. అలా పరుగు అతని గొప్పయిపోయింది. పరుగుకు ముందు వంట, తర్వాత అంట్లు మాత్రం ఆమెకే మిగిలాయి.

ఈసారి వంద కిలోమీటర్ల పందెం కొండదారిలో. సాయంత్రానికి ముప్పావు వంతు దూరం దాటిందో లేదో ఛాతీలో ఏదో బుడబుడమంది. దగ్గితే నోట్లో ఉప్పదనం, రుమాలు మీద గులాబీరంగు నురగ. గంటల తరబడి అలా పరిగెత్తితే కొందరికి ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళాల నుంచి నీరు ఊరుతుందనీ, గట్టునే ఉండి మునిగినంత పనవుతుందనీ పందెంవాళ్ళు ముందే హెచ్చరించారు. అందుకే ప్రతి మజిలీ గుడారంలోనూ ఒక డాక్టరమ్మ పొడుగాటి వాక్యం ఇచ్చి ఒక్క గుక్కలో చెప్పమంటుంది. మాట మధ్యలో తెగితే ఆ మనిషికి పందెం అక్కడితో సరి.

ఈ మజిలీలో కండలు తిరిగిన మగవాళ్ళు కూడా వాక్యం సగంలోనే ఆగిపోతున్నారు. ఆమె నవ్వుతూ చివరిదాకా చెప్పేసింది. కావాలని కాదు. ఎదుటి మనిషి ప్రశ్న అడిగితే చాలు, ఆయాసం దానంతటదే లోపలికి పోయి నక్కుతుంది. డాక్టరమ్మ "భేష్" అని పంపేసింది.

గుడారం దాటి నాలుగడుగులు వేసిందో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి. ఇలాగే వెళ్తే కొండ మీద ఎక్కడో పడి చస్తాను, ఆ చావడం కూడా చప్పుడు చేయకుండానే చస్తాను అనుకుంది. భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగింది.

"ఇందాక నేను చెప్పింది నమ్మకండి. ఊపిరి... అందట్లేదు."

గుడారం దగ్గరే కాచుకుని ఉన్న మొగుడు పరిగెత్తుకొచ్చాడు. "తనకి ఇవన్నీ మామూలేనండీ. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. ఇంకెంత, ఓ పాతిక కిలోమీటర్లు! మా ఆఫీసువాళ్ళంతా అవతల చివర ఎదురుచూస్తున్నారు."

డాక్టరమ్మ అతని మాట వినిపించుకోలేదు. ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, గబగబా ఆక్సిజన్ మాస్కు తగిలించింది.

"రెండువైపులా నీరు చేరింది. ఇంకాస్త దూరం వెళ్ళుంటే మనిషి దక్కేది కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

మొగుడు, పాపం, నిజంగానే హడలిపోయాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక గొంతు తగ్గించి డాక్టరమ్మను అడిగాడు. "ఎన్నాళ్ళు ఉండాలంటారు? ఇంట్లో అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిల్లల్ని బడికి పంపాలి, నాకేమో స్టవ్ వెలిగించడం కూడా..."

"రెండు రోజులు చూసి పంపించేస్తాం."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "రెండు రోజులేనట. ఇంటి గురించి బెంగపెట్టుకోకు" అన్నాడు భార్యతో, చేతిని నిమురుతూ.

ఆమె ఆ చెయ్యి విడిపించుకుని మాస్కు పక్కకు లాగింది. డాక్టరమ్మ మొహంలోకే చూస్తూ, మాటమాటకీ ఆగుతూ అంది.

"రెండు రోజులు... నాకు... చాలవమ్మా."