సుగ్గి కాలంలో కొలత

రాజశేఖర్ పత్తి తడిసి నల్లబడాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. అమ్మ ముందే, గట్టిగా మొక్కుకున్నాను. పండిన పంటను శపించకూడదని చిన్నప్పటి నుంచి చెప్పే మా అమ్మ భీమక్క, ఆరోజు నన్ను ఆపలేదు.

ఏటా చలికాలం ముదిరితే మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాం. ఆ వలసకే మా ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో సుగ్గి అని పేరు. ఉగాదికి తిరిగొస్తాం. మిగతా కాలమంతా నాకు ఊరి గ్రంథాలయమే గతి. మా ఇల్లు ఒకే గది. నాన్న దగ్గు, తమ్ముడి ఫోను, పొయ్యి పొగ అన్నీ అందులోనే. కానిస్టేబుల్ పరీక్షకు నేను చదివిందంతా గ్రంథాలయం కిటికీ పక్క కుర్చీలో కూర్చునే.

ఈ ఏడు సుగ్గి నుంచి వచ్చి, మూట దించీ దించకముందే అటు పరిగెత్తాను. తలుపుకు కొత్త తాళం. కిటికీలోంచి చూస్తే నా కుర్చీ ఉండాల్సిన చోట యూరియా బస్తాలు.

గ్రంథాలయం చూసుకునే యేసేపన్న బయట అరుగు మీద కూర్చున్నాడు. "పై ఆఫీసు నుంచి సుధాకర్ సారని ఒగాయన కొలిచేకి వచ్చినాడమ్మా" అన్నాడు. "గ్రంథాలయంతో జనానికి ఏం లాభమో, దాని విలువెంతో రాస్తారంట. రాజశేఖరే పిలుచుకొని వచ్చినాడు, వాళ్ళింట్లోనే అన్నం పెట్టినాడు. ఊరంతా సుగ్గికి పోయింది సార్, ఉగాది అయినంక రాండి అని నెత్తినోరు కొట్టుకుంటి. నేను సూసిందే రాస్తా అనె."

చూసింది రాశాడు. చదివేవాళ్ళు లేరు, విలువ లేదు. పుస్తకాలు ఆదోనికి పోయాయి. ఎరువుల అంగడి రాజశేఖర్‌కు గోడౌను దొరికింది. సుగ్గి ఎప్పుడో ఆయనకు తెలియదా? మా అమ్మ నడిపే కూలీల గుంపు ఎప్పుడు బయలుదేరుతుందో మాకంటే ముందు ఆయనకే తెలుసు. ఆయన పత్తి తీసేది ఆ గుంపే.

ఆ వేసవిలో పరీక్ష తప్పాను. మళ్ళీ పరీక్ష వచ్చే ఏడే. ఆ గది తిరిగి రాకపోతే నేనూ అమ్మలాగే నడుం వంగేదాకా మిరప చేలల్లో తిరగాలి. అమ్మ ఆవేశంగా అప్పుడే ఆయన ఇంటి మీదికి పోతానంది. నేనే ఆపాను. పాము పగ పన్నెండేళ్ళు అంటారు. నాకు పత్తి పగిలేదాకా ఆగితే చాలు.

పత్తి పగిలింది. రాజశేఖర్ నల్లరేగడి చేను ఈ కొన నుంచి ఆ కొనకు తెల్లబడింది. చేలోకి ఒక్క ఆడమనిషి దిగలేదు. మా వైపు ఒక కట్టుబాటుంది. ఒక ఊరి గుంపు కాదన్న చేలో ఇంకో ఊరి గుంపు కాలు పెట్టదు. ఆయన హొళగుంద దాకా తిరిగి, చేతులూపుకుంటూ వచ్చాడు. కూలి పెంచుతానంటే మా దేవక్క పెద్దమ్మ కొంచెం మెత్తబడింది. అమ్మ ఒక చూపు చూసింది. అంతే.

ఒక పొద్దున మబ్బు కమ్మింది. రాజశేఖర్ మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

"ఏం భీమక్కా, మనుషుల్ని పంపీవా?"

"యాడుండారన్నా మనుషులు? ఊర్లో ఎవురూ లేరని నువ్వే రాపిచ్చినావు కదా."

ఆయన ముఖం మాడిపోయింది. "ఏం సేయమంటావు సెప్పు" అన్నాడు.

నేను బయటికొచ్చాను. "గది ఖాళీ సెయ్యన్నా. పుస్తకాలు తెప్పియ్యి. ఆ కొలిచినాయన్ను మళ్ళా పిలుచుకొని రా. అన్నీ అయినంక మాట్లాడదాం."

రెండోనాటి సాయంత్రానికే బస్తాలు లేచాయి, పుస్తకాలు దిగాయి. మబ్బు మాత్రం కదల్లేదు. సుధాకర్ సార్ కారు దిగగానే నేను ఆయన్ని నేరుగా రాజశేఖర్ చేను గట్టుకు తీసుకుపోయాను. పగిలిన కాయల్లోంచి పత్తి నేలకు వేలాడుతోంది.

"దీని విలువ కూడా రాయండి సార్. మనుషులు ఎవరూ లేరు. మీరు చూసిందే రాయండి."

ఆయన తల వంచుకున్నాడు. "ఇది పగ కదమ్మా" అన్నాడు మెల్లగా.

"అవును సార్. పగే."

మా వెనకే గట్టుకొచ్చిన రాజశేఖర్ గ్రంథాలయం తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంగ దిగండి తల్లీ, సినుకు పడేట్టుంది" అన్నాడు. ఆడవాళ్ళు అప్పటికే కొంగులు బిగించి, పత్తి సంచులు నడుముకు కట్టుకున్నారు. మాట తీరింది కదా, దిగుదామా అన్నట్టు అమ్మ నావైపు చూసింది.

నేను గ్రంథాలయం వైపు నడిచాను. తాళం తీసి, కిటికీ పక్క కుర్చీ తుడుచుకుని, పుస్తకం తెరిచాను. అందరూ వెనకాలే వచ్చి వాకిట్లో ఆగారు.

"రాండి, కూసోండి" అన్నాను. "సారు మళ్ళా కొలవాల కదా. ఈసారి మనుషులు కనపడాల."

అమ్మ ఒక్క క్షణం చేను వైపు చూసింది. నడుముకున్న సంచి విప్పి, గోడకానుకుని కూర్చుంది. ఆమె వెనకే దేవక్క పెద్దమ్మ, ఆ వెనక మిగతావాళ్ళు. సుధాకర్ సార్ గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన లెక్క ముగిసేలోగా రేకుల మీద వాన దబదబా పడింది. రాజశేఖర్ చెప్పులు కూడా లేకుండా చేను వైపు ఒక్కడే పరిగెత్తాడు.

నేను పేజీ తిప్పాను.