భయం గీత

వెయ్యి సీసీ బండి అమ్మేసి మూడొందల సీసీది కొన్నానని తెలిసిన రోజు, మా బావ ఇవానో, బార్ ముందు కుర్చీ ఎక్కి నాకు సంతాపం ప్రకటించాడు.

"మా మరదలు నెవియా ఇక లేదు. ఆమె చోట్లో సంతకెళ్ళి కూరలు తెచ్చుకునే ముసలావిడ ఒకామె దిగింది. అందరూ దారివ్వండి."

మా బైకుల క్లబ్బంతా విరగబడి నవ్వింది. మా అక్క మొరేనా కూడా నవ్వింది. మొగుడు కదా, నవ్వకపోతే ఇంట్లో ఎలా?

నాకు ఒళ్ళు మండింది. "సంతాపాలు ఆగస్టు దాటాక చెప్పు బావా, పందెంలో నీ జోడీ సీటు ఎవరిదో తేలాక," అన్నాను.

నాకు కావలసింది ఆ సీటే. ఏటా సెప్టెంబరులో జరిగే ఆరుగంటల పందెంలో క్లబ్బు తరఫున ఇద్దరు ఒకే బండిని వంతులు వేసుకుని నడుపుతారు. క్లబ్బుకు పెద్ద కాబట్టి ఒక సీటు ఇవానోదే. రెండోది ఆగస్టు చివర పెద్ద ట్రాక్ మీద ఎవరు వేగంగా చుట్టు తిరిగితే వాళ్ళది. ఏళ్ళ తరబడి పోటీపడి, ఏళ్ళ తరబడి మూతి ముడుచుకుని ఇంటికొచ్చాను. సూటిదారిలో నేను అందరినీ దాటేదాన్ని, మలుపు రాగానే అందరూ నన్ను దాటేసేవాళ్ళు.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందిట," అన్నాడు బావ కుర్చీ దిగుతూ.

"మద్దెల ఓడు కాదు. దాని చప్పుడు మరీ ఎక్కువ. నా అడుగు ఎక్కడ తప్పుతోందో నాకే వినబడట్లేదు."

నిజంగా అదే గొడవ. పెద్ద బండి మీద మలుపులో ఎంత వెధవ పని చేసినా, బయటికి రాగానే ఇంజను ఒక్క ఊపున ముందుకు లాక్కుపోతుంది. చిన్నదానికి ఆ దయ లేదు. మలుపులో పోగొట్టుకున్న వేగం పోయినట్టే, సూటిదారి పొడవునా అది పోయిందని చెబుతూనే ఉంటుంది.

ఉప్పుమళ్ళ వెనక బుల్లి కార్లు తిప్పే కార్టింగ్ ట్రాక్ ఉంది. గురువారాలు నా పియదీనా రొట్టెల కొట్టు కట్టేసి, ఒంటికి పిండి వాసన వదలకముందే అక్కడికి పోయేదాన్ని. పడ్డాను. మోచేతులు చెక్కుకుపోయాయి. బ్రేకు ఎప్పుడు వదలాలో, ఒంటిని మలుపు లోపలికి ఎంత వేలాడదీయాలో ఆ బుల్లి బండి మొట్టికాయ వేసి మరీ నేర్పింది.

ఇక ఆదివారాలు బార్ దగ్గర ఇంకో పరీక్ష. బండి బాగా వంచిన వాడి టైరు అంచు దాకా అరుగుతుంది, జంకిన వాడికి అంచున అరగని రబ్బరు మిగులుతుంది. దాన్ని మావాళ్ళు భయం గీత అంటారు. వచ్చిన ప్రతి బండి వెనకా గొంతుక్కూర్చుని అంచు మీద వేలు పెట్టి చూస్తారు. గీత ఎవరిది వెడల్పుగా ఉంటే ఆ పూట అందరికీ వైన్ పోసేది వాళ్ళే. ఆ వేసవంతా నేనే పోశాను. బార్ యజమాని ఎలియో జగ్గు కూడా నా చేతికే ఇచ్చేవాడు, అడగకుండా.

"బుల్లి బండి మీద కూడా భయమే?" అనేవాడు బావ, గ్లాసు చాపి.

"తాగు బావా, నోరు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి వాగుతావు," అనేదాన్ని. గీత ఎందుకు మిగులుతోందో నాకూ అప్పటికి అర్థం కాలేదు.

ఎంపిక రోజు వచ్చింది. క్లబ్బు వెయ్యి సీసీ బండికి కొత్త టైర్లు వేశారు. కొత్త టైరు మీద మొదట ఎక్కినవాళ్ళు జారతారని చంటిపిల్లకి కూడా తెలుసు. మొదటి వంతు నాకిచ్చారు.

"ఆడవాళ్ళు ముందు," అన్నాడు బావ, తల వంచి మరీ.

ఎక్కాను. టైర్లు వేడెక్కేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత కార్టింగ్ ట్రాక్ మీద చేసినట్టే చేశాను, అంతకన్నా ఏమీ లేదు. బ్రేకు ఆలస్యంగా పట్టి, మెల్లగా వదిలి, ఒంటిని మలుపు లోపలికి వేలాడదీసి, మలుపు చివర చూస్తూ.

దిగీ దిగకముందే బండి వెనక అందరూ గొంతుక్కూర్చున్నారు. ఇవానో అంచున వేలు పెట్టాడు. అరగని రబ్బరు మీద వేలి వెడల్పంతా పట్టింది.

"అమ్మ దొంగా, ఇక్కడ కూడా గీతే!" అని చేతులు చరిచాడు. స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డ ఎలియోని నా టైము ఎంతని ఎవరూ అడగలేదు.

మిగతావాళ్ళు తిరిగారు. సీటు ఖాయమే అయినా చివర ఇవానో కూడా తిరిగాడు, బండిని నేలకానించినంతగా వంచి. టైరు అంచు దాకా అరిగిపోయింది, భయం గీత ఆనవాలు కూడా లేదు.

"ఇక టైము చెప్పు," అన్నాడు.

"నెవియా టైముని ఎవరూ కొట్టలేదు. నువ్వు కూడా," అన్నాడు ఎలియో.

అప్పుడు నాకు వెలిగింది. మనిషి లోపలికి వేలాడితే బండి అంతగా వంగక్కర్లేదు. వంగని బండికి ముందే యాక్సిలరేటర్ తిప్పొచ్చు. వేసవంతా నాచేత వైన్ పోయించిన ఆ గీత భయానిది కాదు.

ఇవానో చాలాసేపు హెల్మెట్ తుడిచాడు. "సరే, సీటు నీదే. కానీ ఆ బొమ్మబండి అమ్మెయ్. పక్క క్లబ్బులవాళ్ళు మీ మనిషి దేనిమీద నేర్చుకుందని అడిగితే ఏం చెప్పను? పరువుంటుందా?"

"ఉన్నదే చెప్పు."

"బొమ్మా, సీటా? తేల్చుకో."

కోపమొచ్చింది నాకు. "సీటు నువ్వివ్వలేదు బావా, నేను గెలుచుకున్నాను. గెలిచినదానికి బేరమేంటి? బండి అమ్మను. పైగా షరతు నాది. పందెంలో సగం నువ్వు నడుపుతావు. నువ్వు మలుపుల్లో పారబోసిన టైమంతా నేను ఏరుకుంటూ కూర్చోను. గురువారం వచ్చి నా బండెక్కు. లేదా ఆరుగంటలూ నువ్వొక్కడివే నడుపుకో."

ఇవానో మా అక్క వైపు చూశాడు.

"నా మొహం చూడకు," అంది మొరేనా. "గురువారం నేను వంట చెయ్యట్లేదు, నువ్వు ఖాళీయే."

వచ్చాడు. మోకాళ్ళు చెవులకు తగులుతుంటే ఆ బండి మీద ఇరుక్కుని కూర్చున్నాడు. పెద్ద బండి అలవాటు కొద్దీ మలుపులోకి విసురుగా దూరి, గబుక్కున బ్రేకు నొక్కి, గడ్డిలోకి దొర్లాడు. లేచి కూర్చుని నాకేసి చూశాడు.

"నవ్వు. వెళ్ళి బార్‌లో కూడా చెప్పు."

ఏళ్ళ నవ్వు నా దగ్గర నిలవుంది. కానీ ఆ మొహంలో ఉన్నది నాకు బాగా తెలిసిన అవమానమే. నవ్వబుద్ధి కాలేదు, వదలబుద్ధీ కాలేదు.

"లే బావా. పెద్ద బండైతే ఎత్తడానికి నలుగురు కావాలి, ఇది నువ్వే ఎత్తుకో. మళ్ళీ తిరుగు. చక్రం ముందు కాదు, మలుపు చివర చూడు."

ఎత్తుకున్నాడు. ఉప్పుమళ్ళ మీద చీకటి పడేదాకా నేను దిగమనలేదు, అతనూ దిగలేదు.