చక్రం ఆగేదాకా నువ్వు

ఆవుని కూడా "మీరు" అని పిలిచే పశువుల డాక్టరు మార్సిన్యీ ఊరి చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు ఆన్సెల్మ్ పెరాషో. కడుపులో దూడ అడ్డం తిరిగి ఆవు అల్లాడుతుంటే, రైతు దేవుణ్ణీ దెయ్యాన్నీ కలిపి తిడుతుంటే, ఈయన మోచేతిదాకా సబ్బు రాసుకుంటూ "కొంచెం ఇటు జరుగుతారా అమ్మా" అని ఆవుని బతిమాలేవాడట. వైద్యం మానేసి ఏళ్ళు గడిచినా ఊళ్ళో ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే పెళ్ళానికి అర్జీ పెట్టుకుని మరీ ముద్దు పెట్టేవాడని మాంసం కొట్టు ఫిర్మాన్ అనేవాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు కాబట్టి ఫిర్మాన్ ఏమన్నా చెల్లేది.

అలాంటి మనిషి ఒకే ఒక్క ఆడమనిషిని "నువ్వు" అనేవాడు. అదీ ఆదివారం, అదీ సైకిల్ మీద ఉన్నంతసేపే. ఆమె ఒదీల్ లాబ్రోస్. మేకులూ తాళాలూ బకెట్లూ అమ్మే కొట్టు ఆమెది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఆ కొట్లో ఒకటే ధర, ఒకటే మాట. కొనడానికొచ్చినవాడు "చూస్తానండీ" అని నసిగితే, ఆ తాళాన్ని మళ్ళీ గోడకున్న మేకుకి తగిలించేసి వేరే పని చూసుకునేది. రెండోసారి అడగడం ఆమె జన్మలో లేదు.

నువ్వు, మీరు అన్న ఈ గొడవంతా ఆదివారాలు కలిసి తొక్కే వాళ్ళ సైకిల్ సంఘం పెట్టిన కట్టుబాటు. చక్రం తిరుగుతున్నంతసేపూ అందరూ "నువ్వు", కాలు నేలకి తగిలితే "మీరు". జడ్జీగారూ తాపీమేస్త్రీ ఒకే వరసలో తొక్కుతుంటే, ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే, "అయ్యా, తమరు కాస్త పక్కకి" అనేలోపు మనిషి కాలవలో ఉంటాడు కదా. అందుకని పాతవాళ్ళు ఆ ఏర్పాటు చేశారు. దిగాక మళ్ళీ ఎవరి పెద్దరికం వాళ్ళది. కాలవ గట్టు మీద పోతున్నప్పుడు ఒదీల్ "ఆన్సెల్మ్, నీ సంచీ ఊడింది, దారంతా ఉల్లిపాయలు నాటుతున్నావా?" అని అరిచేది. అదే మనిషి చర్చి ముందు సైకిల్ దిగి, చెట్టు నీడన గుడ్డ పరిచి, "డాక్టర్ గారూ, మేకపాల చీజ్ కొంచెం వేసుకుంటారా?" అని అడిగేది.

ఆ "నువ్వు"తోనే ఆన్సెల్మ్ వారమంతా బతికేవాడు. అది ప్రేమే, దానికి వేరే పేరెందుకు. కానీ ఆదివారం ఎలాగూ వస్తుందిగదా అన్న ధీమా మనిషిని సోమరిని చేస్తుంది. వచ్చే ఆదివారం చెబుదాం, ఎండ తగ్గాక చెబుదాం, ద్రాక్ష కోతలయ్యాక చెబుదాం అనుకుంటూ ఏళ్ళు వెళ్ళదీశాడు.

సెప్టెంబరు చివర్లో ఒదీల్ అందరికీ కబురు చెప్పింది. తుంటి ఎముక అరిగిపోయిందట, సైకిల్ ముట్టుకోవద్దని డాక్టర్లు అన్నారట. రాబోయే ఆదివారమే ఆఖరు, సైకిల్ని చెల్లెలి మనవరాలికి ఇచ్చేస్తుందట. ఎక్కడికీ వెళ్ళిపోవడం లేదు, అదే కొట్టు, అదే వీధి. అయినా ఆన్సెల్మ్‌కి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆమె సైకిల్ ఎక్కకపోతే ఇక మిగిలేది "మీరు" ఒక్కటే.

ఆ వారమంతా వంటింట్లో నిలబడి ఒక్క వాక్యం వల్లెవేశాడు. "ఒదీల్, నువ్వు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రా." రెండు కాళ్ళూ నేల మీద పెట్టుకుని చెప్పాలి. సైకిల్ మీద అయితే ఎవరైనా అంటారు, దానికి విలువేముంది? పిల్లి మాత్రం విని విని లేచి పోయింది.

ఆదివారం పొద్దున్న బయల్దేరేటప్పుడు ఫిర్మాన్ పక్కకొచ్చి గొణిగాడు. "ఇవాళైనా నోరు తెరవరా. అడగనిదే అమ్మైనా పెట్టదు."

"తెరుస్తాలే."

"పళ్ళు తోముకోడానికి కాదురా!"

కంచెల మీద నేరేడు రంగు పళ్ళు కాసి ఉన్నాయి. పచ్చికలో తెల్లటి ఆవులు తలలెత్తి చూశాయి. వాటిలో కొన్నిటి అమ్మమ్మలకి ఆన్సెల్మ్ పురుడు పోసి ఉంటాడు. ఆంజీ చర్చి దగ్గర దిగారు. లోపల ఒక స్తంభం తలమీద ఇద్దరు రాతి మనుషులు ఒకళ్ళ గడ్డం ఒకళ్ళు పట్టుకు లాక్కుంటూ ఉంటారు. ఒదీల్ ఎప్పుడూ వాళ్ళ దగ్గర ఆగుతుంది. ఆవేళ మరీ ఎక్కువసేపు నిలబడింది.

"చూడండి డాక్టర్ గారూ, ఎన్ని వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నారో వీళ్ళు. పోనీలెండి, ఒకళ్ళనొకళ్ళు ముట్టుకునైనా చూశారు."

ఆమె ఆయన వైపే చూస్తోంది. దారి దానంతటదే తెరుచుకుంది. ఆన్సెల్మ్ స్తంభాన్ని ఎగాదిగా చూసి, "ఆ రాయి ఇక్కడి క్వారీదేనండీ, మెత్తటి రాయి, చెక్కడం తేలిక," అన్నాడు.

ఒదీల్ తలూపి బయటికి నడిచింది.

సెమ్యూర్ కొండ ఎక్కేటప్పుడు ఆమె వెనకబడింది. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఆన్సెల్మ్ ఆమె పక్కనే నెమ్మదిగా తొక్కాడు. తుంటి నొప్పికి ఆమె పెదవి కొరుక్కుంటోంది.

"నువ్వు పో ముందు. వైను అంతా ఫిర్మాన్ తాగేస్తాడు."

"తాగనీ. నేను పోను."

"కొండ మీద భలే మాట్లాడతావు ఆన్సెల్మ్ నువ్వు. దిగాక నీకేమవుతుంది?"

"దిగాక..." అని ఆగి, ఆయన నవ్వేశాడు. "దిగాక ముసలాణ్ణయిపోతాను."

"ముసలాడివి కాదు, మొద్దువి."

ఆ తిట్టు ఆయనకి పండగలా ఉంది. ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఒదీల్, నీకో మాట చెప్పాలి."

"చెప్పు మరి. నాకే ఊపిరాడటం లేదు, నీకు ఆడుతోందిగా."

"ఇప్పుడు కాదు. ఇవాళ దిగాక చెబుతాను. నేల మీద."

ఒదీల్ తల తిప్పి ఆయన్ని చూసింది. నేల మీద అంటే ఏమిటో సంఘంలో ఎవరికి తెలియదు? ఆమె పైదాకా నొప్పిని మర్చిపోయినట్టు తొక్కింది.

పైన కోట గోడ పక్కన అందరూ చప్పట్లు కొట్టారు. ఫిర్మాన్ సీసా తెరిచి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఒదీల్ దగ్గర కొన్న మేకులకి తన మాంసం తగిలించాననీ, ఆమె వెనక తొక్కినవాళ్ళెవరూ దారి తప్పలేదనీ ఏవేవో చెప్పి, చివరికి తనే కళ్ళు తుడుచుకున్నాడు. అంతమందిలో ఆన్సెల్మ్‌కి సందు దొరకలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు కూడా. సాయంత్రం ఉంది కదా అనుకున్నాడు.

సాయంత్రం రానే వచ్చింది. మార్సిన్యీ చేరాక అందరూ ఒదీల్‌ని కౌగిలించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఫిర్మాన్ పోతూ పోతూ ఆన్సెల్మ్ కాలు తొక్కి పోయాడు. కొట్టు ముందు ఇద్దరే మిగిలారు. ఆన్సెల్మ్ తన సైకిల్ గోడకి ఆనించి, ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆమె ఆయన భుజం ఆసరాగా మెల్లిగా దిగింది. ఒక కాలు నేల మీద పెట్టింది, తర్వాత రెండోది.

వారమంతా వల్లెవేసిన వాక్యం నాలుక చివరే ఉంది. ఆయన హ్యాండిల్ మీది గంట వైపు చూశాడు, చక్రం వైపు చూశాడు. ఒదీల్ నిలబడే ఉంది. తాళం కొనడానికొచ్చి నసిగే మనిషి కోసం జన్మలో అంతసేపు నిలబడి ఎరగదు. ఆయన అవస్థ చూసి జాలిపడిందో, తనకే ఓపిక చాలలేదో, ముందు ఆమే నోరు విప్పింది.

"ఆన్సెల్మ్, పొద్దున చేసిన సూప్ ఉంది. లోపలికి రా. నువ్వు ఆ మాటేదో తిన్నాక చెబుదువుగాని."

రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. అయినా "రా" అంది, "నువ్వు" అంది.

ఆ క్షణంలో ఆన్సెల్మ్ మనసు ఏమందో ఆయనకే వినపడలేదు. అంతకన్నా ముందు నోరు పలికింది. అరవయ్యేళ్ళు ప్రతి గడపలోనూ, ప్రతి కొట్టంలోనూ పలికి పలికి అరిగిపోయిన మాట.

"అబ్బే, వద్దండీ. మీకెందుకు శ్రమ? మీరసలే అలిసిపోయి ఉన్నారు."

ఒదీల్ చేయి ఇంకా ఆయన భుజం మీదే ఉంది. దాన్ని తీసి కోటు జేబులో పెట్టుకుంది.

"అవునండీ, అలిసిపోయాను. ఉంటాను డాక్టర్ గారూ."

ఆమె సైకిల్ నడిపించుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపుకున్న గంట మోగి ఆగిపోయింది.

వీధి మలుపు తిరగకముందే ఆయనకి తెలిసిపోయింది, ఏం చేశాడో. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వెనక్కి తిరిగి తలుపు కొట్టొచ్చు. పది అడుగుల దూరం. కానీ అలిసిపోయానన్న ఆడమనిషి తలుపు మళ్ళీ కొట్టడం మర్యాద కాదనిపించింది. ఇంత మర్యాదని ఏం చేసుకుంటాడు, ఊరగాయ పెట్టుకుంటాడా? ఇంటికెళ్ళి, దీపం వెయ్యకుండా వంటింట్లో కూచుని, ఆమె పిలిచిన పిలుపుని లోపల మళ్ళీ మళ్ళీ వింటూ ఏడ్చాడు. సూప్ ఏం సూపో కూడా తెలియదు తనకి.

మర్నాడు సోమవారం సంత. ఆన్సెల్మ్ ఇంటి నుంచి సంత రెండు వీధుల అవతల, ఎప్పుడూ నడిచే వెళ్తాడు. ఆవేళ సైకిల్ ఎక్కి వచ్చాడు. కోళ్ళ బుట్టల మధ్య నుంచి, గంపలు మోసే ఆడవాళ్ళ తిట్లు తింటూ, కాలు కింద పెట్టకుండా చీజ్ బల్ల దాకా తొక్కుకొచ్చాడు. ఒదీల్ అక్కడ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఒక చేత్తో గుడారం గుంజ పట్టుకుని, రెండు పాదాలూ పెడళ్ళ మీదే ఉంచి, వంకరగా ఆగాడు. గుంజ ఊగింది, పైన గుడ్డ ఊగింది. చీజ్ అమ్మే ఆమె "ఓయ్ ఓయ్" అని అరిచింది.

"ఒదీల్," అన్నాడు రొప్పుతూ. "నువ్వు ఆదివారాలు మా ఇంటికి..."

చుట్టూ జనం మాటలు ఆపి చూస్తున్నారు. దూరంగా మాంసం బల్ల వెనక ఫిర్మాన్ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఒదీల్ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. రాత్రి ఆమె కూడా సరిగా నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి. ఊగుతున్న సైకిల్ పడిపోకుండా హ్యాండిల్ మీద చేయి వేసి పట్టుకుంది, నిన్న ఆయన ఆమె సైకిల్‌ని పట్టుకున్నట్టే.

"దిగండి డాక్టర్ గారూ, పడిపోతారు," అంది మెల్లిగా. "నేను నిన్ననే దిగిపోయానండీ."

ఆన్సెల్మ్ కాలు నేల మీద పెట్టాడు.

"అవునండీ," అన్నాడు.